ముసురుకు మూడో రోజు

శ్రావణమాసంలో శ్రీకాకుళం మీద మబ్బు దిగితే మొదటి రోజు అందరికీ సంతోషమే. ఉక్కపోత తగ్గింది, రాత్రి కంటినిండా నిద్ర పట్టింది అనుకుంటారు. రెండో రోజు బట్టలు ఆరవు. మూడో రోజుకు గోడలు చెమ్మగిల్లుతాయి, అగ్గిపుల్ల గీస్తే వెలగదు, ఉప్పు డబ్బాలో ఉప్పు నీరు కారుతుంది, పిల్లలు వాకిట్లోకి వెళ్లలేక ఇంట్లో కాళ్లకు అడ్డం పడుతుంటారు. ఆ రోజు ఎవరు ఎవరికి ఫోను చేసినా మొదట వచ్చే మాట ఒకటే: "ఇక్కడ వాతావరణం ఏమీ బాగా లేదు."

ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయని సామెత చెప్పుకుంటాం. ఎండలు మండిపోతున్నాయంటాం, ప్రాణం పోతోందంటాం. అయినా అప్పుడు వాతావరణం బాగా లేదని ఎవరూ అనరు. ఆ మాటను మబ్బు కోసమే దాచిపెట్టుకున్నాం. ఇది నిన్నా మొన్నా వచ్చిన అలవాటేమీ కాదు. మబ్బు కమ్మిన పగటిని పాత సంస్కృత నిఘంటువు అమరకోశమే 'దుర్దినం' అంది. వరి చేను వానతోనే బతికే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మబ్బు పట్టిన రోజుకు చెడ్డరోజు అనే పేరును తలవంచుకుని ఒప్పుకోవడం అన్యాయం. ఇక్కడి మనిషికి వానంటే ప్రేమ లేక ఈ మాట పుట్టలేదు. వానలన్నిటినీ ఒకే గాటన కట్టేయడం వల్ల పుట్టింది. ఏ వానకు భయపడాలో, ఏ వానకు అరుగు మీద పీట వేసుకుని కూర్చోవాలో విడదీసుకోగలిగితే ముసురు మీద ఇష్టం దానంతట అదే వస్తుంది. అందుకు ముందు ఈ ముసురు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉత్తర బంగాళాఖాతంలో, ఒడిశా, బెంగాల్ తీరాలకు దగ్గరగా, అల్పపీడనాలు ఒకదాని వెనుక ఒకటి పుడుతుంటాయి. ఒక నైరుతి కాలంలో సగటున డజను దాకా వస్తాయి. వాటిలో కొన్ని బలపడి వాయుగుండాలవుతాయి. పుట్టిన చోటు నుంచి పశ్చిమ వాయవ్య దిశగా, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల మీదుగా సాగిపోతాయి. ఈ కాలపు వాయుగుండానికి ఒక స్వభావం ఉంది: దాని గట్టి వాన నడిబొడ్డున కురవదు, కేంద్రానికి నైరుతి వైపున కురుస్తుంది. పటం తీసి ఉత్తర బంగాళాఖాతానికి నైరుతి దిక్కున వేలు పెడితే, ఆ వేలు దక్షిణ ఒడిశా మీదుగా జారి ఇచ్ఛాపురం, టెక్కలి, శ్రీకాకుళం, విజయనగరం వైపు వస్తుంది. వెనుక తూర్పు కనుమలు గోడలా నిలబడి ఉంటాయి. అందుకే ఒడిశా తీరంలో అల్పపీడనం అని వార్తల్లో చెప్పిన మర్నాటికి ఇక్కడ సూర్యుడు కనిపించడు. ఆ అల్పపీడనం తీరం దాటి, లోపలికి నడిచి, నీరసించడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. ముసురు కూడా సరిగ్గా మూడు నాలుగు రోజులు పట్టి వదలడం అందుకే. వాన ఎప్పటికీ ఆగదేమో అనిపించే మూడో రోజు సాయంత్రం ఈ లెక్క తెలిసి ఉండడం ఎంత ఊరటో, తెలిసినవారికే తెలుసు.

ముసురు మబ్బు తీరే వేరు. వేసవి సాయంత్రాల్లో వచ్చే మబ్బు కోట బురుజులా పైపైకి పెరుగుతుంది. ఉరిమి, మెరిసి, పిడుగు పడేసి, గంటలో వెళ్లిపోతుంది. ముసురు మబ్బు దుప్పటిలా పరుచుకుంటుంది. ఉరుము తక్కువ, తొందర అసలే లేదు. దాని చినుకు చిన్నది. తుంపర చినుకు అర మిల్లీమీటరు మందం కూడా ఉండదు, సెకనుకు రెండు మీటర్ల వేగమైనా అందుకోదు. గాలివానలో పెద్ద చినుకు అయిదు మిల్లీమీటర్ల దాకా ఉండి, సెకనుకు తొమ్మిది మీటర్ల వేగంతో వచ్చి నేలను కొడుతుంది. ఒకటి మట్టిని లేపి కాలువలోకి తోసేస్తుంది, మరొకటి మట్టిలోకి ఇంకుతుంది.

ఇక తుపాను సంగతి. ఉత్తరాంధ్రలో వాన గురించి మాట్లాడుతూ తుపానును పక్కన పెట్టడం కుదరదు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున పలాస దగ్గర దాటింది. క్యాలెండరులో మూడూ రెండు తేదీల మీదే పడ్డాయి. ఇది ఉత్త కాకతాళీయం అనుకోవడానికి లేదు, దీని వెనుక గాలుల లెక్క ఉంది. తుపాను ఎదగాలంటే దాని మబ్బుల స్తంభం నిటారుగా నిలబడాలి. జూలై, ఆగస్టు నెలల్లో కింద పడమటి గాలి, చాలా ఎత్తున తూర్పు గాలి బలంగా వీస్తుంటాయి. కిందిది ఒక వైపు, పైది మరొక వైపు లాగుతుంటే ఆ స్తంభం ఒరిగిపోతుంది, వాయుగుండం వాయుగుండంగానే ఉండిపోతుంది. అక్టోబరు వచ్చేసరికి ఈ పెనుగులాట సద్దుమణుగుతుంది, సముద్రం మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. తుపానుకు దారి దొరుకుతుంది. సెప్టెంబరు చివరి వారాన్ని కూడా జాగ్రత్తగానే చూడాలి. 2021లో గులాబ్ తుపాను సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది.

తిత్లీ రాత్రి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో గడిపినవారికి గాలి చప్పుడు వింటే ఇప్పటికీ గుండె జారుతుంది. ఉద్యానవనం అనే మాటే ఉద్దానమైందంటారు. కొబ్బరి, జీడి, పనస కలిసి అల్లుకున్న ఆ నేల ఒక్క పూటలో చదును అయిపోయింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. తాత నాటిన చెట్టు మనవడి కళ్ల ముందు కూలింది. ఆ భయాన్ని ఎవరూ చులకన చేయకూడదు. కాకపోతే ఆ భయం అక్టోబరు హద్దు దాటి ఏడాది పొడుగునా ప్రతి మబ్బుకూ అంటుకుంది. దానికి ఇప్పుడు ఫోను తోడైంది. వాతావరణ శాఖ రంగులకు కచ్చితమైన అర్థాలున్నాయి: పసుపు రంగు గమనిస్తూ ఉండమని, నారింజ రంగు సిద్ధంగా ఉండమని, ఎరుపు రంగు వెంటనే కదలమని. ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటితేనే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఆ పదాలు టీవీ తెర మీదికి వచ్చేసరికి అన్నిటికీ ఒకే సంగీతం, ఒకే ఎర్ర అక్షరాలు. జూలైలో పసుపు హెచ్చరికకూ అక్టోబరులో ఎర్ర హెచ్చరికకూ ఒకేలా ఉలిక్కిపడే మనిషికి ముసురు నచ్చమంటే ఎలా నచ్చుతుంది? జూలై ముసురు అసలు హాని చేయదని అర్థం చేసుకోకూడదు. వాగులు పొంగుతాయి, పల్లపు వీధుల్లో నీళ్లు నిలుస్తాయి. కానీ ఆ ప్రమాదం వేరు, దానికి పడవలసిన జాగ్రత్త వేరు.

వానను కొలిచి చూడడం ఈ భయానికి మంచి మందు. అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పుతో, నిటారు గోడలతో ఉన్న ఏ గిన్నె అయినా సరిపోతుంది. చెట్టూ చూరూ అడ్డం లేని చోట పెట్టి, మర్నాడు పొద్దున అదే వేళకు స్కేలు ముంచితే చాలు. రోజంతా కురిసినట్టే అనిపించిన ముసురు కొలిస్తే ఒక్కోసారి ఇరవై మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. ఈ జిల్లాల్లో ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్లు కురుస్తుంది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు నైరుతి నెలల్లోనే. నూరు చదరపు మీటర్ల డాబా మీద ఏడాదిలో లక్షా పదివేల లీటర్లు పడుతున్నాయన్నమాట. ఎండాకాలంలో బిందె పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడ్డవారికి ఈ అంకె ఎలా వినిపిస్తుందో వేరే చెప్పనవసరం లేదు.

ఆ నీటిని దాచుకునే తీరు కూడా ఇక్కడ ప్రత్యేకం. తూర్పు కనుమల కింద పరుచుకున్నది ఎక్కువగా ఖోండలైట్ అనే గట్టి రాయి. ఇసుక నేలలా అది నీటిని గటగటా తాగేయదు. పైన కుళ్లి మెత్తబడిన పొరలోకీ, కింద రాతి పగుళ్లలోకీ నీరు మెల్లమెల్లగా దిగాలి. రెండు గంటల కుండపోత కురిస్తే చాలా నీరు గెడ్డల వెంట, అంటే వాగుల వెంట, సముద్రానికి పోతుంది. మూడు రోజుల ముసురు బావికి చేరుతుంది. చిరాకు పుట్టించే ఆ ఎడతెగనితనమే బావికి కావలసిన గుణం. నదుల లెక్క మరొకటి. వంశధార, నాగావళి రెండూ ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, చెరొక రెండు వందల యాభై కిలోమీటర్లకు పైగా నడిచి సముద్రంలో కలుస్తాయి. అక్కడ వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా శ్రీకాకుళం వంతెన కింద నాగావళి ఎర్రబడుతుంది. కొత్తనీరు వచ్చిందని తెలియగానే పనులు పక్కన పెట్టి చూడడానికి వెళ్లేవారు ఇప్పటికీ ఉన్నారు. వానను ప్రేమించడం నేర్పే బడి ఏదైనా ఉంటే అది ఆ వంతెన పిట్టగోడే.

తెలుగులో వానకున్న మాటలు కూడా ఈ విడదీతకు సాయం చేస్తాయి. తుంపర వేరు, జల్లు వేరు, జడి వేరు, కుండపోత వేరు. ముసురు అనే మాట వీటిలో చిత్రమైనది. ఈగలు ముసురుతాయి, చీకటి ముసురుతుంది, దిగులు ముసురుకుంటుంది. నాలుగు వైపుల నుంచీ చుట్టుముట్టడం అనేది దాని లోపలి అర్థం. దిగులు ఆ మాటలోనే ఉందని ఒప్పుకోవలసిందే. కానీ దాని పక్కనే తెరపి అనే మాట ఉంది. ముసురు మధ్యలో వాన కాస్త ఊపిరి తీసుకునే అరగంటే తెరపి. ఆ అరగంటలో వీధిని చూడాలి. తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. ఒకరు తడిబట్టలను దండెం మార్చి వేస్తారు, ఒకరు ఆవును కట్టుకొయ్య మార్చి కడతారు, ఒకరు పాల ప్యాకెట్టుకు పరుగు తీస్తారు, ఒక పెద్దావిడ పెరట్లోకి వెళ్లి నాలుగు ములగ రెమ్మలు విరుచుకొస్తుంది. మబ్బు మళ్లీ నల్లబడగానే అందరూ లోపలికి. ఎండ రోజుల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోని వీధి ఆ అరగంటలో నాలుగు మాటలు కలుపుకుంటుంది.

గిడుగు అనే మాట ఇప్పుడు చాలామందికి ఇంటిపేరుగానే తెలుసు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున, ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. నడి వానాకాలంలో వచ్చే ఆ తేదీనే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. గిడుగు అంటే ఆకులతో అల్లిన, పిడి లేని గొడుగు. తల మీద నుంచి వీపు మీదికి దిగుతుంది. వంగి ఉభాలు, అంటే వరినాట్లు, వేసేవారికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా. ఇప్పుడు దాని స్థానంలో ఎరువుల బస్తా వచ్చింది. బస్తా ఒక మూలను లోపలికి తోసి రెండో మూలలోకి దూరిస్తే కొప్పెర తయారు. వానలో, మోకాటి లోతు బురదలో, అలాంటి పది కొప్పెరలు ఒకే వరుసలో వెనక్కి జరుగుతూ పచ్చని గీతలు గీస్తుంటే, ముసురును దుర్దినం అన్నవారు పొలం వైపు వచ్చి ఉండరనిపిస్తుంది.

ముసురు రోజున మనసు బరువెక్కడం గురించి ఈ మధ్య చాలా రాతలు వస్తున్నాయి. వెలుతురు తక్కువైతే మనిషి కుంగిపోతాడన్నది వాటి సారాంశం. రుతువును బట్టి వచ్చే ఆ కుంగుబాటు వ్యాధి వర్ణన 1984లో అమెరికా వైద్య పరిశోధనల్లో వచ్చింది. అది ప్రధానంగా ఉత్తరాది దేశాల చలికాలానికి చెందినది. అక్కడ శీతకాలపు పగలు ఏడెనిమిది గంటలకు కుదించుకుపోయే ఊళ్లున్నాయి. పద్దెనిమిది డిగ్రీల అక్షాంశం మీద ఉన్న శ్రీకాకుళంలో అతి చిన్న పగలు కూడా సుమారు పదకొండు గంటలు. పైగా మన ముసురు పట్టేది పగళ్లు పొడుగ్గా ఉండే నెలల్లో. దట్టంగా మబ్బు కమ్మిన మధ్యాహ్నం కూడా ఆరుబయట వెలుతురు కొన్ని వేల లక్సులు ఉంటుంది (లక్సు అంటే వెలుతురును కొలిచే ప్రమాణం). ట్యూబులైటు వేసిన గదిలో రెండు మూడు వందలు మించదు. కాబట్టి ముసురు రోజు తలుపులు బిగించుకుని లోపలి గదిలో కూర్చుంటే చీకటి మనం తెచ్చుకున్నదే. వసారాలోకి కుర్చీ జరుపుకుంటే చాలు, ఎన్నో రెట్ల వెలుతురు. నిజంగానే మనసు బాగా లేనివారు వైద్యుడిని కలవాలి, అది వేరే మాట.

వసారాలో కూర్చున్నాక చూడడానికి చాలా ఉంది. పెంకుటింటి చూరు కింద నేలను గమనిస్తే, పెంకు వరుస నుంచి జారే ధార ఒక్కొక్కటీ ఒక్కొక్క చిన్న గుంత తవ్వి ఉంటుంది. ఏళ్ల తరబడి అవే గుంతలు, ఒకే గీత మీద, ఒకే ఎడంతో. గుంతల్లో మెత్తని మట్టి కొట్టుకుపోయి సన్నని గులకరాళ్లు కడిగినట్టు తేలి ఉంటాయి. వాన పెరిగితే ధార గుంత దాటి అవతల పడుతుంది, తగ్గితే ఇవతలికి వస్తుంది. ఎంత వాన పడుతోందో ఆ చూరు చూసి చెప్పే ముసలివాళ్లు ఉండేవారు. జూన్ చివరలో, ఆరుద్ర కార్తెలో, గడ్డి మొదళ్ల దగ్గర ఎర్రని మఖమల్ బొట్టు లాంటి ఆరుద్ర పురుగు కనిపిస్తుంది. ఏడాదిలో చాలా భాగం నేల లోపలే గడిపి, తొలి వానలకు పైకి వచ్చే ఈ పురుగు చెదలను తింటుంది. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదన్న సామెతకు ఇంత అందమైన సాక్షి మరొకటి లేదు.

ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి గ్రామానికి వానాకాలం కొంగల మీద వస్తుంది. నత్తగుల్ల కొంగలు ఏటా వానలు మొదలయ్యే రోజుల్లో వచ్చి ఊళ్లోని చెట్ల మీద గూళ్లు కడతాయి. అవి వస్తే వానలు బాగా పడతాయని ఊరి నమ్మకం. వాటిని ఎవరూ కొట్టరు, కొట్టనివ్వరు. ముక్కు రెండు భాగాల మధ్య సందు ఉండే ఈ కొంగకు నత్తలే ప్రధాన ఆహారం. వాన పడితే మడుల్లో నీరు నిలుస్తుంది, నీరు నిలిస్తే నత్తలు పెరుగుతాయి, నత్తలుంటే పిల్లలకు తిండి. ఊరివాళ్లు కొంగను చూసి వానను లెక్కేస్తుంటే, కొంగ వానను చూసి పిల్లలను లెక్కేసుకుంటుంది. ముసురు రోజుల్లో ఆ చెట్ల కింద నడిస్తే రెట్టల వాసన, పైన గూళ్ల గోల, తడిసిన రెక్కలు దులుపుకునే చప్పుడు. ఇళ్ల మీద, బట్టల మీద మురికి పడినా తరాలుగా ఆ ఊరు ఓర్చుకుంటోంది. మబ్బు పట్టిన వాతావరణాన్ని ఒక ఊరంతా కలిసి ప్రేమించడం చూడాలంటే తేలుకుంచి వెళ్లాలి.

ఇన్ని చెప్పుకున్నాక ఒక మాటను దాచకూడదు. ముసురు మీద ఇష్టం నెత్తి మీది కప్పును బట్టి ఉంటుంది. కారే తాటాకు ఇంట్లో ఎక్కడ గిన్నె పెట్టాలో వెతుక్కుంటూ రాత్రంతా మేలుకున్న మనిషికి వాన అందాల గురించి చెప్పడం మర్యాద కాదు. రోజు కూలి మీద బతికే తాపీ పనివారికి మూడు రోజుల ముసురంటే మూడు రోజుల పస్తు. తీరంలో మరీ కష్టం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు చేపల వేట నిషేధం. అది ముగిసి వలలు సర్దుకునేసరికి అల్పపీడనాలు మొదలవుతాయి. కళింగపట్నంలో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే భావనపాడు, బందరువానిపేట వంటి చోట్ల పడవలు ఇసుకలోనే ఉండిపోతాయి. అందుకని వానను ఇష్టపడమని చెప్పేవారు పక్కింటి కప్పు గురించి కూడా పట్టించుకోవాలి. వేసవిలోనే తాటాకు మార్పించడం, పెంకులు సర్దించడం, వీధి కాలువ పూడిక తీయించడం వానాకాలపు ఆనందంలో భాగాలే. వెనకటి ఇళ్లలో మే నెలంతా ఆ పనే. మిద్దె మీద వడియాలు, జాడీల్లో ఆవకాయ, ఉట్టి మీద ఎండుచేపలు, దొడ్లో పొడి పుల్లలు, అన్నీ ముసురును దృష్టిలో పెట్టుకుని సిద్ధం చేసినవే. ఆ ఏర్పాటు ఉన్న ఇంట్లో మూడో రోజు వేడి అన్నం, పప్పు, వేయించిన వడియం పండగ భోజనమే. ఏర్పాటు లేని ఇంట్లో అదే రోజు నరకం.

వానకు తేదీ కూడా ఉంటుంది. మృగశిర కురిస్తే ముసలెద్దు రంకె వేస్తుందని మురిసిన రైతే కార్తికంలో ఆకాశం వైపు చేయి అడ్డం పెట్టి దిగులుగా చూస్తాడు. అప్పటికి చేను కోతకు వచ్చి ఉంటుంది, లేదా కోసి పనల మీద ఉంటుంది. శ్రావణంలో బతికించిన ముసురే ఆ వారంలో గింజను మొలకెత్తించేస్తుంది. కాబట్టి ఏ రైతూ వానను ఊరికే ప్రేమించడు, నెల చూసి ప్రేమిస్తాడు. అక్టోబరు చివరలో విజయనగరం జిల్లా పల్లెల్లో సాయంత్రం అయిదు గంటలకు కల్లం దగ్గర నిలబడితే ఇది కంటికి కనిపిస్తుంది. తూర్పున, సముద్రం వైపు, మబ్బు అంచు సన్నగా నల్లబడి ఉంటుంది. గాలి ఎటు తిరిగిందో చూడడానికి ఒకరు పిడికెడు తాలు పైకి ఎగరేస్తారు. ఇంకొకరు ఫోనులో హెచ్చరిక ఏ రంగులో ఉందో చదువుతారు. అది నారింజ రంగు అని వినగానే ఇంట్లోంచి బరకాలు వస్తాయి. ఇంటిల్లిపాదీ కుప్ప చుట్టూ చేరి నాలుగు మూలలూ లాగి, రాళ్లు పెట్టి, తాళ్లు బిగించి కడతారు. తొలి చినుకు బరకం మీద టప్పుమని పడేసరికి బాగా చీకటి పడి ఉంటుంది.